లిఫ్ట్ కిట్ ఒక్కటే కొంటే సరిపోదు: తక్కువ బడ్జెట్‌లో ఏ పార్టులు ముందు, ఏవి తర్వాత?

  ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ గురించి. పలమనేరు పక్కన ఒక పల్లె నుంచి ఒక తమ్ముడు రాశాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మెసేజ్ ఇది:

"అన్నా, మా నాయన బొలెరో ఉండాది. ఎనిమిదేండ్ల బండి. మా మామిడితోటకి పోయే దోవ వానొస్తే గాడి పడిపోతాది, బండి కింద తగులుతా ఉండాది. రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయించాలనుకుంటా ఉండా. నా దగ్గర 40 వేలుండాయి. కిట్‌కే దాదాపు అంతా అయిపోతాది. మిగతా పార్టులు ఏమన్నా కావాలంటే తర్వాత నిదానంగా వేసుకోవచ్చా?"

మంచి ప్రశ్న. ఇలాంటివి నాకు చాలా వస్తాయి, కానీ దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఈ బండి వారానికోసారి కొండెక్కి రీల్స్ తీసుకునే బండి కాదు. వాళ్ళ నాయన నడిపే బండి. తోటకి మందులు, పైపులు, మోటారు, కూలోళ్ళు అన్నీ దాంట్లోనే పోతాయి. సీజన్‌లో బంగారుపాళెం మార్కెట్‌కి మొగిలి ఘాట్ దిగి పోవాల. అంటే లోడ్‌తో దిగుడు రోడ్డు. అక్కడ బ్రేకు తేడా వస్తే "తర్వాత వేసుకుందాం" అనుకున్న పార్టు విలువ ఏందో అప్పుడు తెలుస్తుంది. ఆ తెలుసుకోవడం మనకొద్దు.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోణ్ణి కదా, నా భాషలో చెప్తా. ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే దాంతో పాటు డిపెండెన్సీలు కూడా రావాలి. లేకపోతే రన్ అవుతుంది గానీ ఏదో ఒక రోజు క్రాష్ అవుతుంది. సాఫ్ట్‌వేర్ క్రాష్ అయితే రీస్టార్ట్ చేస్తాం. బండి విషయంలో రీస్టార్ట్ బటన్ లేదు. లిఫ్ట్ కిట్ అనేది ప్యాకేజీ. షాక్ అబ్జార్బర్లు, బ్రేక్ హోస్‌లు, బంప్ స్టాపర్లు, యూ-బోల్టులు, ఇవన్నీ దాని డిపెండెన్సీలు.

ముందు, లిఫ్ట్ చేస్తే ఏది లేస్తుంది?

చాలామందికి ఇక్కడే కన్‌ఫ్యూజన్. సస్పెన్షన్ లిఫ్ట్ చేస్తే బాడీ, ఛాసిస్, ఇంజిన్, సైలెన్సర్ పైకి లేస్తాయి. కానీ బొలెరో వెనక ఉండే గుండ్రటి హౌసింగ్, అంటే డిఫరెన్షియల్, ఒక్క మిల్లీమీటర్ కూడా లేవదు. ఎందుకంటే అది ఆక్సిల్ మీద ఉంది, ఆక్సిల్ చక్రం మీద ఉంది. చక్రం సైజు పెరిగితేనే హౌసింగ్ లేస్తుంది.

అందుకని తమ్ముడూ, మొదటి పని డబ్బు ఖర్చు లేని పని. వాన తర్వాత తోటకి పోయొచ్చి, బండి కింద దూరి చూడు. మట్టి రాసుకున్న గుర్తులు ఎక్కడున్నాయి? గాడి మధ్యలో మిట్ట ఉంటుంది కదా, అది ఎక్కువగా తగిలేది వెనక హౌసింగ్‌కే. గుర్తు హౌసింగ్ మీద మాత్రమే ఉంటే, 40 వేల లిఫ్ట్ కిట్ నీ సమస్యని అస్సలు తీర్చదు. బండి ఎత్తుగా కనిపిస్తుంది, హౌసింగ్ మాత్రం అదే మిట్టకి మళ్ళీ తగులుతుంది.

మరి టైరు మారిస్తే ఎంత వస్తుంది? లెక్క వేద్దాం. బొలెరోకి వచ్చే టైరు 215/75 ఆర్15. రిమ్ 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. టైరు గోడ 215లో 75 శాతం, 161 మి.మీ. పైనా కిందా రెండు వైపులా కలిపితే 322. మొత్తం ఎత్తు 703 మి.మీ. ఇప్పుడు 235/75 ఆర్15 తీసుకోండి. మొత్తం 733 మి.మీ. తేడా 30. కానీ చక్రం సెంటర్ లేచేది అందులో సగం, 15 మి.మీ. అంతే. ఇంగ దీనికి బదులుగా స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు నిజానికి 62 నుంచి 63లో పోతుంటారు, మిట్ట ఎక్కేటప్పుడు గేరు కొంచెం బరువనిపిస్తుంది.

15 మి.మీ. కోసం నాలుగు టైర్లు మార్చాలా? ఉన్న టైర్లు అరిగిపోయి ఎట్లాగూ మార్చాల్సి ఉంటే మార్చు. కానీ స్టీరింగ్ రెండు వైపులా ఫుల్‌గా తిప్పి ఎక్కడా రాసుకోవట్లేదని చూసుకున్నాకే. లేకపోతే ఒక ట్రాక్టర్ మొరం తోలించి ఆ గాడి పూడ్పించడం అన్నిటికన్నా చవక. అదీ కుదరకపోతే, ఒక చక్రం మధ్య మిట్ట మీద, ఇంకో చక్రం గాడి బయట గట్టు మీద పెట్టి నడపడం మీ నాయనకి నాకన్నా బాగా తెలిసే ఉంటుంది.

గుర్తులు సైలెన్సర్ మీద, ముందు క్రాస్ మెంబర్ మీద, ఫుట్ స్టెప్ మీద ఉంటే, అప్పుడు లిఫ్ట్ గురించి మాట్లాడొచ్చు.

రెండో ప్రశ్న: బండి అసలు ఎత్తు ఇప్పుడుందా?

బొలెరో వెనక కమాను కట్టలు ఉంటాయి. ఎనిమిదేండ్లు లోడు మోసిన కమాను కూర్చుని ఉంటుంది, గ్యారంటీగా. కంపెనీ చెప్పిన 180 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఈ రోజు మీ బండికి ఉండకపోవచ్చు. టేపు తీసుకోండి. చక్రం సెంటర్ నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు వైపులా కొలవండి, రాసుకోండి. ఎడమకీ కుడికీ తేడా ఉంటే, లేదా తక్కువ తిరిగిన అదే మోడల్ బండితో పోలిస్తే తక్కువ ఉంటే, మీకు కావాల్సింది లిఫ్ట్ కాదు, రిపేరు. కమాను పని చేసే షాపులు చిత్తూరులో, తిరుపతిలో, మదనపల్లెలో అన్ని చోట్లా ఉన్నాయి. విరిగిన ఆకులు మార్చి, కొత్త బుష్‌లు, కొత్త సెంటర్ బోల్టు వేయిస్తే బండి తన అసలు ఎత్తుకి వస్తుంది.

దీంట్లో అందం ఏంటంటే, ఇది కంపెనీ ఎత్తే. కాబట్టి బ్రేక్ పైపు పొడవు సరిపోతుంది, షాక్ పొడవు సరిపోతుంది, జాయింట్ల కోణం మారదు, ఆర్టీవో గొడవ లేదు. తక్కువ డబ్బులో సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది. లిఫ్ట్ వేసుకునేవాళ్ళు కూడా ఇది ముందు చేయాల్సిందే. కూర్చుపోయిన కమాను కింద బ్లాక్ పెట్టి లేపితే పాత ఇంటి గోడ పగుళ్ళకి సున్నం కొట్టినట్టే.

ఇంగ లిఫ్ట్ వేయిస్తున్నాం అనుకుందాం. ఏవి కిట్‌తో పాటు అదే రోజు పడాలి?

ఒకటి, బ్రేక్ హోస్. ఛాసిస్ మీదున్న ఇనుప పైపుకీ, ఆక్సిల్‌కీ మధ్య ఉండే రబ్బరు పైపు ఇది. బాడీ రెండంగుళాలు లేస్తే ఈ పైపు ఆ రెండంగుళాలూ సాగాలి. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు బాగానే కనిపిస్తుంది. చక్రం గుంతలో వేలాడినప్పుడు టైట్ అవుతుంది. పది సార్లు ఏమీ కాదు, పదకొండోసారి లోపల చీలుతుంది. చెక్ చేసే పద్ధతి చెప్తా: జాకీ ఛాసిస్ కింద పెట్టి లేపాలి, ఆక్సిల్ కింద కాదు. స్టాండ్ పెట్టి, చక్రం పూర్తిగా వేలాడాక, ముందు చక్రాలైతే స్టీరింగ్ రెండు వైపులా తిప్పి, పైపు ఇంకా వదులుగా ఉందా చూడాలి. టైట్‌గా ఉంటే పొడవు పైపు వేయాల్సిందే. ఏబీఎస్ ఉన్న బండికి సెన్సార్ వైరు కూడా ఇట్లాగే చూడాలి.

రెండు, షాక్ అబ్జార్బర్లు. పాత షాకులే ఉంచి లేపితే అవి ఎప్పుడూ సాగిపోయిన పొజిషన్‌లో ఉంటాయి. ప్రతి గుంతలో "ఠక్" మని పూర్తిగా సాగి కొట్టుకుంటాయి. చక్రం కిందికి దిగే దూరాన్ని కమాను కాదు, షాక్ ఆపుతుంటుంది. దాని పని అది కాదు. కొనేటప్పుడు "రెండంగుళాల లిఫ్ట్‌కి షాకులివ్వన్నా" అని అడగొద్దు. రెండు కొలతలు అడగండి: పూర్తిగా సాగితే ఎంత, పూర్తిగా నొక్కితే ఎంత. పొడవు షాక్ నొక్కినప్పుడు కూడా పొడవుగానే ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

అందుకే మూడోది, బంప్ స్టాపర్. ఛాసిస్‌కి ఆక్సిల్ గుద్దుకోకుండా ఉండే రబ్బరు ముక్క. బ్లాక్ పెట్టి లేపితే ఈ రబ్బరు ఆక్సిల్‌కి రెండంగుళాలు దూరమవుతుంది. లోడ్‌తో గుంతలో పడ్డప్పుడు ఆక్సిల్ రబ్బరుని తాకేలోపే షాక్ లోపల అడుగు తాకుతుంది, లేదా కమాను ఉల్టా వంగుతుంది. షాక్ కన్నా ముందు రబ్బరు తాకాలి. ఇది రూల్. రబ్బరుకి కింద స్పేసర్ పెట్టడం పెద్ద ఖర్చు కాదు. కిట్‌లో ఉందా లేదా అడగండి.

నాలుగు, యూ-బోల్టులు. కమానుని ఆక్సిల్‌కి కట్టి పట్టుకునేవి. బ్లాక్ వేస్తే పొడవు యూ-బోల్టులు కావాలి. పాతవి విప్పి మళ్ళీ బిగించొద్దు. ఒకసారి బిగించాక అవి సాగి ఉంటాయి, మళ్ళీ అంత పట్టు ఇవ్వవు. కొత్తవి వేశాక 100 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ బిగించుకోవాలి, 500కి ఇంకోసారి. బ్లాక్ మీద బ్లాక్ ఎప్పుడూ వద్దు. కమాను ఉన్న ముందు ఆక్సిల్‌కి అసలు బ్లాకే వద్దు.

ఐదు, ఇది చాలామంది మర్చిపోయేది. కొన్ని బండ్లలో వెనక ఆక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న ఒక చిన్న వాల్వ్‌కి రాడ్ ఉంటుంది. వెనక లోడ్ ఎంతుందో చూసి వెనక బ్రేకులకి ప్రెజర్ ఎంత పంపాలో అది నిర్ణయిస్తుంది. బాడీ కిందికి దిగి ఉంటే లోడ్ ఉందని దానికి అర్థం. మీరు బాడీని లేపేశారు. ఇప్పుడు బండి నిండా సరుకున్నా ఆ వాల్వ్ "బండి ఖాళీ" అనుకుంటుంది. వెనక బ్రేకు తగ్గుతుంది. మొగిలి ఘాట్ లోడ్‌తో దిగేటప్పుడు బ్రేకు భారం అంతా ముందు చక్రాల మీద పడుతుంది. మీ బండి కింద ఆ రాడ్ ఉంటే, దాన్ని లిఫ్ట్‌కి తగ్గట్టు సెట్ చేయడం తెలిసిన మెకానిక్ చేతే పని చేయించండి. "ఆ రాడ్ పీకేస్తే పోతుంది సార్" అంటే, అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

ఆరు, వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ సెట్టింగ్. బొలెరో ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, కాయిల్ స్ప్రింగ్. లేపితే చక్రాల కోణాలు మారతాయి, టైరు ఒక పక్కే అరుగుతుంది. అలైన్‌మెంట్ అదే రోజు చేయించాలి. ముందు లైట్లు పైకి లేచి ఎదురొచ్చే బైకోడి కళ్ళలో కొడతాయి. అది సెట్ చేయడానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు.

తర్వాత చూసుకోగలిగేవి

వెనక షాకిల్ పొడవు పెంచి లేపితే రెండంగుళాల పొడవుకి లిఫ్ట్ వచ్చేది సుమారు ఒక అంగుళమే, ఎందుకంటే కమాను రెండో చివర కదలదు కదా. కానీ కమాను మొత్తం వంగుతుంది. కమాను పొడవు 1200 మి.మీ. అనుకుంటే, 50 మి.మీ.కి దాదాపు 2.4 డిగ్రీలు. హౌసింగ్ ముక్కు అంత తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌ల కోణం మారుతుంది. 60, 70 స్పీడ్‌లో వైబ్రేషన్ వస్తే ఉక్కు వెడ్జ్ ప్లేట్ వేయించాలి. వైబ్రేషన్ రాకపోతే ముందే కొనక్కర్లేదు. ఇది నడిపి చూసి నిర్ణయించుకునే పార్టు.

జిమ్నీ ఉన్నోళ్ళకి ఒక మాట. మీకు ముందూ వెనకా రిజిడ్ ఆక్సిల్, కాయిల్ స్ప్రింగ్. ఆక్సిల్ పక్కలకి పోకుండా అడ్డంగా ఒక రాడ్ ఉంటుంది, పాన్‌హార్డ్ రాడ్. లేపితే ఆక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది, అడ్జస్టబుల్ రాడ్ తప్పనిసరి అని అమ్ముతారు. లెక్క వేద్దాం. రాడ్ 800 మి.మీ. అనుకోండి, ఇప్పటికే ఒక చివర 50 మి.మీ. కిందికి వాలి ఉంది. ఇంకో 50 లేపారు. పైథాగరస్ వేస్తే జరిగేది సుమారు 5 మి.మీ. అంతే. రెండంగుళాల దాకా ఇది తర్వాత చూసుకోవచ్చు.

కానీ ముందు ఆక్సిల్‌ని పట్టుకునే పొడవు ఆర్మ్‌ల సంగతి వేరు. ఆర్మ్ 800 మి.మీ. అయితే 50 మి.మీ. లిఫ్ట్‌కి ఆక్సిల్ సుమారు మూడున్నర డిగ్రీలు తిరుగుతుంది. అంటే క్యాస్టర్ తగ్గుతుంది, స్టీరింగ్ తనంతట తాను సూటిగా రావడం తగ్గుతుంది, హైవేలో బండి తేలుతున్నట్టుంటుంది. కాబట్టి జిమ్నీలో క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు ముందు, పాన్‌హార్డ్ రాడ్ తర్వాత. చూడ్డానికి మెరిసే పార్టు ఒకటి, పని చేసే పార్టు ఇంకోటి.

2020 తర్వాత వచ్చిన థార్ అయితే ముందు డబుల్ విష్‌బోన్. అక్కడ భయం పైన ఆర్మ్‌కి, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లకి. షాక్ పైన ఒక అంగుళం స్పేసర్ వేస్తే చక్రం దగ్గర అంతకన్నా ఎక్కువ లేస్తుంది, ఎందుకంటే షాక్ ఆర్మ్ మధ్యలో బిగించి ఉంటుంది. జాయింట్ కోణం ఎక్కువైతే ముందు రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు పోతుంది, దుమ్ము దూరుతుంది, జాయింట్ పోతుంది. అందుకే థార్ ఓనర్లకి నా మాట: 226 మి.మీ. క్లియరెన్స్ కంపెనీయే ఇచ్చింది. బడ్జెట్ తక్కువుంటే ముందు లేపకండి, మంచి టైర్లు వేసుకోండి.

40 వేలు ఎట్లా ఖర్చు పెట్టాలి?

కిట్ కొని మిగిలింది చూసుకోవద్దు. ఉల్టా చేయండి. ముందు ఆరు లైన్ల లిస్టు రాయండి: షాకులు, బ్రేక్ హోస్‌లు, బంప్ స్టాపర్లు, యూ-బోల్టులు, బుష్‌లు, లేబర్‌తో కలిపి అలైన్‌మెంట్. రెండు షాపుల్లో రేటు అడిగి రాయండి. దాని మీద ఇంకో పది శాతం పెట్టండి, ఎనిమిదేండ్ల బండికి ఏదో ఒక బోల్టు తుప్పు పట్టి విరుగుతుంది. అదంతా 40 వేలల్లోంచి తీసేయండి. మిగిలిన దాంట్లో ఎంత లిఫ్ట్ వస్తే అంతే వేయించుకోండి. రెండంగుళాలు రాకపోతే ఒక అంగుళం. అన్ని పార్టులతో వేసిన ఒక అంగుళం, పార్టులు లేని రెండంగుళాల కన్నా ఎప్పుడూ మేలు.

ఎత్తు ఫ్రీగా రాదు, అది కూడా చెప్పాలి. చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లు, బరువు కేంద్రం నేలకి 70 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి. దాన్ని 5 సెం.మీ. లేపితే మలుపులో పల్టీ కొట్టకుండా తట్టుకునే శక్తి దాదాపు 7 శాతం తగ్గుతుంది. టాప్ మీద క్యారియర్, దాని మీద మూటలు ఉంటే ఇంకా తగ్గుతుంది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు, అదే దిగే రోడ్డు, మలుపులు మీకందరికీ తెలుసు. లిఫ్ట్ చేసిన బండి పాత అలవాటు స్పీడ్‌లో ఆ మలుపులు తిరగొద్దు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసి తెలియజేయండి. యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్ ఆగితే పోయేది 40 వేలు కాదు.

ఇంకోటి, బండి ఎత్తైంది కదా అని శేషాచలం అడవిలోకో, కౌండిన్య అభయారణ్యంలోకో దోవ కనబడింది కదా అని దూరొద్దు. పర్మిషన్ లేకుండా లోపలికి పోవడం నేరం. ఒక పక్క ఎర్రచందనం కోసం టాస్క్‌ఫోర్స్ తిరుగుతుంటుంది, ఇంకో పక్క ఏనుగులు తిరుగుతుంటాయి. ఇద్దరికీ మీ సస్పెన్షన్ గురించి వివరించడం కష్టం.

సరే తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు. "మిగతావి తర్వాత వేసుకోవచ్చా?" అంటే, వెడ్జ్ ప్లేట్, పెద్ద టైర్లు, ముందు బంపర్, లైట్లు, ఇవి తర్వాత. బ్రేక్ హోస్, షాకులు, బంప్ స్టాపర్, యూ-బోల్టులు, అలైన్‌మెంట్, ఇవి తర్వాత కాదు. కానీ నీ విషయంలో నేనైతే ఈ నెల కిట్ కొనను. ఆదివారం నాయనని పక్కన పెట్టుకుని బండి కింద గుర్తులు చూడు, నాలుగు చక్రాల దగ్గర కొలతలు తీసుకో. కమాన్లు కూర్చుని ఉంటే కట్టలు బాగుచేయించు, కొత్త షాకులు, కొత్త బుష్‌లు వేయించు. ఆ 40 వేలల్లో అది అయిపోయి కొంత మిగలొచ్చు. మిగిలిన దాంతో ట్రాక్టర్ మొరం తోలించు. అప్పటికీ బండి తగులుతుంటే మళ్ళీ మెసేజ్ పెట్టు, కొలతలతో సహా. అప్పుడు ఒక అంగుళం లిఫ్ట్‌కి లిస్టు ఇద్దరం కలిసి రాద్దాం.

మిగతా ఫ్రెండ్స్, మీ బండి మోడల్, ఏ సంవత్సరం, చక్రం సెంటర్ నుంచి మడ్‌గార్డ్ దాకా నాలుగు కొలతలు కామెంట్‌లో పెట్టండి. కొలతలు లేని ప్రశ్నకి నేను చెప్పేది ఊహే అవుతుంది. ఈ వీడియో లిఫ్ట్ చేయించాలనుకుంటున్న మీ ఫ్రెండ్‌కి షేర్ చేయండి, కిట్‌కి అడ్వాన్స్ కట్టకముందే. మళ్ళీ కలుద్దాం. జాగ్రత్తగా నడపండి.